గోల్డిన్ పరిశోధన, మన ఆడపిల్లల జీతాలు: చేరిన రోజు లేని తేడా తర్వాత ఎక్కడి నుంచి వస్తోంది?

కృష్ణాతీరం (చర్చ మొదలుపెట్టినవారు)

నమస్కారమండీ. గుంటూరు జిల్లాలో ఒక డిగ్రీ కళాశాలలో అర్థశాస్త్రం చెబుతుంటాను. ఈసారి ఆఖరి సంవత్సరం పిల్లలకు అమెరికా అర్థశాస్త్రవేత్త క్లాడియా గోల్డిన్ పరిశోధన చెప్పాలని సిద్ధమవుతున్నాను. 2023 అక్టోబరులో ఆమెకు అర్థశాస్త్ర నోబెల్ ప్రకటించినప్పుడు మన పత్రికలు ఒకటి రెండు రోజులు రాసి ఊరుకున్నాయి. ఈ బహుమతి అందుకున్న ఆడవాళ్ళలో ఆమె మూడోవారు. ఎవరితోనూ పంచుకోకుండా అందుకున్నవారిలో మొదటివారు.

నన్ను కూర్చోనివ్వకుండా చేసిన అధ్యయనం ఒకటుంది. షికాగో విశ్వవిద్యాలయంలో 1990 నుంచి 2006 దాకా ఎంబీఏ పూర్తి చేసినవాళ్ళ సంపాదనను మరియాన్ బెర్ట్రాండ్, లారెన్స్ కాట్జ్‌లతో కలిసి గోల్డిన్ పరిశీలించారు. 2010లో అచ్చయింది. చేరిన కొత్తలో ఆడవాళ్ళ జీతాలూ మగవాళ్ళ జీతాలూ దాదాపు సమానం. పదేళ్ళు దాటేసరికి చాలా ఎడం. ఎందుకని తరచి చూస్తే మూడు కారణాలతోనే అందులో అత్యధిక భాగం తేలిపోయింది: చదువులో ఎంచుకున్న ఫైనాన్స్ సబ్జెక్టులూ మార్కులూ, ఉద్యోగంలో పడిన విరామాలు, వారానికి పనిచేసే గంటలు. చివరి రెండూ చాలావరకు బిడ్డ పుట్టాక మొదలైనవే.

మా కళాశాలకు నియామకాల కోసం వచ్చే సంస్థలు అమ్మాయికీ అబ్బాయికీ ఒకే జీతం రాసిన పత్రం ఇస్తాయి. అక్కడిదాకా బాగానే ఉంది. ఐదారేళ్ళ తర్వాత పాత విద్యార్థులు కలిసినప్పుడు అబ్బాయిలు జట్టు నాయకులయ్యామని చెబుతారు. మొదటి వరుసలో కూర్చుని ఖాతా లెక్కలు గడగడా చేసిన అమ్మాయిలేమో "ప్రస్తుతానికి ఇంట్లోనే ఉన్నాను మేడమ్" అంటారు. ఆ "ప్రస్తుతం" ఎన్నేళ్ళయినా అలాగే ఉంటుంది. నాకు చాలా బాధగా ఉంటుంది.

మీమీ రంగాల్లో ఈ తేడా ఎక్కడ మొదలైందో, ఎలా పెరిగిందో చెప్పండి. పాఠంలో అమెరికా లెక్కల పక్కన మన మనుషుల అనుభవం కూడా ఉండాలని నా కోరిక.

తూకంరాయి

హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు నడుపుతాను. ఒకే పనికి ఒకే జీతం మా దగ్గర ఎప్పటి నుంచో ఉంది. జీతాల పెంపు దగ్గర తేడా వచ్చేమాట నిజమే. రాత్రి పదకొండింటికి అమెరికా వాళ్ళతో కాల్‌లో కూర్చునేవారినీ, ఆరింటికి సంచి తగిలించుకుని బయల్దేరేవారినీ ఒకే గాట కట్టమంటే కుదరదు. ఎవరినీ వెళ్ళిపొమ్మని మేము చెప్పడం లేదు. వాళ్ళు ఎంచుకున్న దారి అది. దీనికి వివక్ష అని పేరు పెట్టడం నాకు న్యాయంగా తోచదు.

కృష్ణాతీరం

తూకంరాయి గారూ, మీరు చెప్పినచోటనే గోల్డిన్ వేలు పెట్టారు. ఒకే కుర్చీలో కూర్చున్న ఇద్దరికి వేరువేరు జీతాలిచ్చే పాతకాలపు వివక్ష ఇంకా కొంత మిగిలే ఉందనీ, అయితే ఇప్పటి తేడాలో పెద్ద వాటా దానిది కాదనీ ఆమె అంటారు. కొన్ని ఉద్యోగాల్లో గంటలు రెట్టింపైతే జీతం రెట్టింపు కంటే ఎక్కువ పెరుగుతుంది. ఏ వేళ పిలిచినా పలికేవారికే పెద్ద పీట. వీటిని ఆమె పేరాశ ఉద్యోగాలు అంటారు.

ఇక ఒక ఇంట్లో ఇద్దరూ సమానంగా చదువుకున్నారనుకోండి. పసిబిడ్డ ఉంది. ఇద్దరూ రాత్రి కాల్‌లో కూర్చోలేరు. ఇద్దరూ తేలిక ఉద్యోగం చూసుకుంటే ఇంటి ఆదాయం బాగా పడిపోతుంది. కాబట్టి ఒకరు ఆఫీసుకు అంకితమవుతారు, ఒకరు ఇంటికి. ఆ రెండో మనిషి ఎవరో వేరే చెప్పనక్కర్లేదు. మీరు దారి ఎంచుకున్నారంటున్నారు. ఆ దారికి అంత సుంకం ఎవరు విధించారన్నది గోల్డిన్ ప్రశ్న. 2014లో అమెరికా అర్థశాస్త్ర సంఘం అధ్యక్షురాలిగా చేసిన ప్రసంగమంతా దీని మీదే.

మందులచీటీ

న్యూజెర్సీలో ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. బీఫార్మసీ విజయవాడలో. గోల్డిన్, కాట్జ్ 2016లో మా వృత్తి మీద ప్రత్యేకంగా ఒక పరిశోధన ప్రచురించారు. అది చదివినప్పుడు నా జీవితం ఎవరో పక్కన నిలబడి రాసినట్టు అనిపించింది కాబట్టి వివరంగా చెబుతాను.

1965 ప్రాంతంలో ఈ దేశంలో ఫార్మసిస్టుల్లో ఆడవాళ్ళు పదోవంతు కూడా లేరు. ఇప్పుడు సగానికి పైగా ఉన్నారు. అప్పట్లో మందుల దుకాణం అంటే సొంత వ్యాపారం. యజమాని మగవాడు, ఆడ ఫార్మసిస్టు ఉన్నా అతని కింద సహాయకురాలు. రోగికి ఏ మందు పడదో, ఎవరికి అప్పుందో ఆ యజమానికే తెలుసు. అతను లేకపోతే దుకాణం నడవదు. తర్వాత సొంత దుకాణాలు తగ్గి గొలుసు దుకాణాలూ ఆసుపత్రులూ పెరిగాయి. మందులు కర్మాగారంలోనే తయారై వస్తున్నాయి. అన్నిటికన్నా ముఖ్యం, రోగి వివరాలన్నీ కంప్యూటర్లోకి వచ్చాయి.

మధ్యాహ్నం మూడింటికి నా షిఫ్టు అయిపోతుంది. ఆ సమయానికి రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడే పెద్దాయన చీటీ సగంలో ఉందనుకోండి. వైద్యుడు కొత్తగా రాసిన యాంటీబయాటిక్ దానితో పొసగదని తెర మీద హెచ్చరిక కనిపిస్తుంది. నేను వైద్యుడికి ఫోన్ చేశానా, ఏమి జవాబు వచ్చింది, అన్నీ ఆ చీటీ కిందే రాసి ఉంటాయి. నా తర్వాత వచ్చినావిడ అక్కడి నుంచి అందుకుంటుంది. పెద్దాయనకు ఏ లోటూ ఉండదు. నా కోసం ఎదురుచూడాల్సిన పని ఎవరికీ లేదు.

దీని ఫలితం జీతంలో కనబడుతుంది. తక్కువ గంటలు చేస్తే ఆ గంటల డబ్బే తగ్గుతుంది, గంటకు ఇచ్చే రేటు దాదాపు తగ్గదు. పాప పుట్టాక కొన్నేళ్ళు వారానికి సగం పనిచేశాను. తిరిగి పూర్తి సమయానికి వచ్చినప్పుడు నా రేటు నా తోటివాళ్ళ రేటే. మా వారు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నారు. ఆయన అలా చేసి ఉంటే ఆ జట్టులో చోటే దక్కేది కాదు. ఆడవాళ్ళ మీద జాలిపడి ఎవరూ ఈ మార్పు తేలేదు తూకంరాయి గారూ. పనిని ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి నష్టం లేకుండా మార్చగలగడమే దీనికి మూలం.

తూకంరాయి

ఫార్మసీకి సరే. ఒక పెద్ద వ్యవస్థ కూలినప్పుడు దాన్ని కట్టిన మనిషే రావాలి. చీటీ చూసి ఎవరో వచ్చి బాగుచేసేది కాదది.

మందులచీటీ

గుండె ఆపరేషన్ చేసే ఆసుపత్రుల్లో కూడా మత్తు వైద్యులు జట్టుగా ఏర్పడి విధులు మార్చుకుంటారు. మీ వ్యవస్థ ఒక మనిషి బుర్రలోనే ఉంటే, అతను రేపు రాజీనామా చేస్తే మీ పరిస్థితి ఏమిటి?

పాతఫైళ్ళు

ప్రభుత్వ ఉద్యోగంలో పదవీ విరమణ చేశాను. ఎంపిక అన్న మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. గోల్డిన్ పాత రికార్డులు తవ్వి రాసిన వాటిలో పెళ్ళి నిషేధాల చరిత్ర ఉంది. అమెరికాలో 1942 నాటికి కూడా దాదాపు 87 శాతం పాఠశాల జిల్లాలు పెళ్ళయిన ఆడవాళ్ళను టీచర్లుగా చేర్చుకునేవి కావు. ఉద్యోగంలో ఉండగా పెళ్ళి చేసుకుంటే తీసేసేవి సుమారు 70 శాతం. ఆనాటి యువతి ఉద్యోగాన్ని నాలుగేళ్ళ ముచ్చటగా భావించి పెద్ద చదువుకు పోలేదంటే ఆశ్చర్యమేముంది? ముందున్న తలుపు మూసి ఉందని తెలిసినప్పుడు అటు నడవరు.

మన దగ్గరా ఉండేది. విదేశాంగ సేవలో ఉన్న మహిళ పెళ్ళికి ముందు ప్రభుత్వం నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాల్సి వచ్చేది. ఆ సేవలోనే ఉన్న సి.బి. ముత్తమ్మ కోర్టుకు వెళితే 1979లో జస్టిస్ కృష్ణ అయ్యర్ ఆ నియమాన్ని తీవ్రంగా తప్పుపట్టారు. ఎయిర్ ఇండియాలో ఎయిర్ హోస్టెస్ మొదటిసారి గర్భవతి కాగానే ఉద్యోగం పోయేది. 1981లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. చేరిన నాలుగేళ్ళలోపు పెళ్ళి చేసుకోకూడదన్న నిబంధనను మాత్రం అదే తీర్పులో ఉంచింది. సమాన వేతన చట్టం వచ్చి అప్పటికి ఐదేళ్ళు. మా తరం ఆడవాళ్ళు "ఎంచుకున్నవి" ఇలాంటి నియమాల మధ్య ఎంచుకున్నవి. నియమాలు పోయినా వాటిని చూసి పెరిగిన తల్లులు కూతుళ్ళకు ఇచ్చే సలహాలు అంత తొందరగా పోవు.

అంకెలగూడు

గణాంకాలు నా వృత్తి. గోల్డిన్ చేసిన పనిలో నాకు అందరికంటే ఎక్కువ గౌరవం కలిగించేది ఆమె లెక్కలను సరిచేసిన తీరు. పాత అమెరికా జనగణనల్లో పెళ్ళయిన ఆడమనిషి ఎదుట వృత్తి గడిలో "భార్య" అని రాసేవారు. పొలంలో, ఇంటి నుంచే నడిచే వ్యాపారంలో భర్తతో సమానంగా చేసినా అంతే. ఆమె సమయ వినియోగ సర్వేలు, పరిశ్రమల రికార్డులు వెతికి తిరిగి లెక్క కట్టారు. 1890ల చివర పెళ్ళయిన ఆడవాళ్ళ ఉపాధి జనగణన చూపినదానికి దాదాపు మూడింతలని తేలింది. అలా సరిచేశాకే 200 ఏళ్ళ గీత ఇంగ్లిష్ యూ అక్షరంలా కనబడింది. వ్యవసాయ కాలంలో ఎక్కువ, కర్మాగారాలు వచ్చి ఇల్లూ పనీ వేరయ్యాక తక్కువ, సేవా రంగం పెరిగాక మళ్ళీ ఎక్కువ.

మన లెక్కలు చూద్దాం. కేంద్ర శ్రామిక సర్వే ప్రకారం 15 ఏళ్ళు దాటిన ఆడవాళ్ళలో పనిచేస్తున్నవారు, పని వెతుకుతున్నవారు కలిపి 2017-18లో 23.3 శాతం, 2023-24లో 41.7 శాతం. చాలామంది ఇక్కడే ఆగి సంబరపడతారు. లోపలికి వెళితే, పనిచేసే ఆడవాళ్ళలో స్వయం ఉపాధి వాటా 51.9 నుంచి 67.4కు పెరిగింది. నెలజీతం వాళ్ళ వాటా 21 నుంచి 15.9కి తగ్గింది. ఇంటి గేదెలు చూసుకుంటూ, కుటుంబ దుకాణంలో కూర్చుంటూ చేతికి రూపాయి రానివారు కూడా ఆ స్వయం ఉపాధిలోనే ఉన్నారు. వాళ్ళు లెక్కలోకి రావడం మంచిదే. కృష్ణాతీరం గారి విద్యార్థినులు కోరుకునే ఉద్యోగం మాత్రం ఇది కాదు.

గోల్డిన్ పేరు చెప్పగానే అందరూ ఎత్తే ఆర్కెస్ట్రా అధ్యయనం గురించి కూడా ఒక మాట. వాద్యకారులను ఎంచుకునేటప్పుడు తెర వెనక వాయించి పరీక్ష నిర్వహిస్తే, చెప్పుల చప్పుడు కూడా వినపడకుండా తివాచీ పరిస్తే, మహిళలు ముందుకు వెళ్ళే అవకాశం పెరిగిందని సెసిలియా రౌస్‌తో కలిసి 2000లో రాశారు. వాళ్ళ అంచనాల్లో కొన్నిటికి పొరపాటు అవధి పెద్దదని, అంటే అవి అంత కచ్చితం కావని, ఆ పత్రంలోనే ఉంది. తరగతిలో చెప్పేటప్పుడు ఆ వాక్యం వదిలిపెట్టవద్దని మనవి.

మానేరు

అంకెలగూడు గారు చెప్పిన "భార్య" అన్న గడి నా మనసులో నాటుకుంది. మా అమ్మ కరీంనగర్ వైపు పల్లెలో బీడీలు చుట్టేది. పొద్దున తునికాకు తడిపి, కత్తెరతో అచ్చు పెట్టి కత్తిరించి, మధ్యాహ్నం నుంచి చేట ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. కట్టలు తీసుకెళితే టేకేదారు కొన్ని వదులుగా ఉన్నాయని పక్కన పడేసేవాడు. వాటికి డబ్బుండదు, ఆకూ తంబాకూ లెక్క మాత్రం ఆమె మీదే. పీఎఫ్ కార్డు ఉన్నవాళ్ళు అదృష్టవంతులు. మా అమ్మకు మా పెద్దమ్మ కార్డు మీద పని. అంటే ఆమె ఎక్కడా కార్మికురాలు కాదు. సర్వే వాళ్ళు వస్తే మా నాన్న "ఆమె ఇంట్లోనే ఉంటుంది" అని చెప్పేవాడు. నా ఇంటర్ ఫీజు ఆ చేటలో నుంచి వచ్చింది.

నల్లరేగడి

పల్నాడులో మిరప వేస్తాం. పొలం పనుల్లో కూలి తేడా బహిరంగంగానే ఉంది, దాచేదేమీ లేదు. మందు పిచికారీ, బస్తాలు మోయడం మగవాళ్ళ పనులు, వాటికి కూలి ఎక్కువ. కలుపు, కోత ఆడవాళ్ళవి, వాటికి తక్కువ. బలం వల్ల అంటారు. నడుం వంచి ఎండలో రోజంతా మిరపకాయలు కోసి, రాత్రి చేతుల మంటకు నిద్రపట్టని మనిషిది బలం కాదా? కోత కిలోల లెక్కన మాట్లాడుకున్నచోట, నాట్లు ముఠాగా గుత్తకు ఒప్పుకున్నచోట ఆడవాళ్ళకు గిట్టుబాటు మెరుగ్గా ఉంటుంది. రోజుకూలి దగ్గరే దెబ్బ.

ఉపాధి హామీ పని వచ్చాక ఒక మార్పు చూశాను. అక్కడ ఇద్దరికీ ఒకే రేటు. మా ఊళ్ళో ఆ పనికి పోయేది ఎక్కువగా ఆడవాళ్ళే. ఆ తర్వాత పొలానికి పిలిచేటప్పుడు పాత కూలికి రమ్మంటే రావడం మానేశారు. రైతుగా నాకు ఖర్చు పెరిగింది, ఆ మాట దాచను. అయినా అది వాళ్ళకు దక్కాల్సిన డబ్బే.

అంకెలగూడు

నల్లరేగడి గారి మాటకు జతగా: మధ్యప్రదేశ్‌లో ఎరికా ఫీల్డ్, రోహిణీ పాండే, వారి సహచరులు ఉపాధి హామీ కూలిని భర్త ఖాతాలో కాకుండా ఆమె సొంత ఖాతాలో వేయించి, ఖాతా వాడటం ఎలాగో నేర్పించి చూశారు. 2021లో ప్రచురించారు. ఆ ఆడవాళ్ళు ఆ పథకంలోనే కాక బయటి పనులకు కూడా ఎక్కువగా వెళ్ళారు. అంతకుముందు పనికి వెళ్ళడానికి ఇంట్లో గట్టి అడ్డు ఉన్నవారిలో ఈ మార్పు ఇంకా బలంగా కనిపించింది.

జొన్నచేను

పెద్దలు మన్నించాలి, నాది ఇంటి ప్రశ్న. మా అమ్మాయి డిగ్రీ అయింది. ఏదో ఒక నైపుణ్య శిక్షణలో చేర్పిస్తే ఉద్యోగం ఖాయమని అందరూ అంటున్నారు. దేనిలో చేర్పించాలి? ఊరికి దూరంగా పంపడం మాకు ఇష్టం లేదు.

ఉత్తరాంధ్ర శిక్షకుడు

జొన్నచేను గారూ, మీ ప్రశ్న ఈ చర్చకు బయటిది కాదు. నేను శ్రీకాకుళం, పార్వతీపురం ప్రాంతాల్లో గ్రామీణ యువతకు శిక్షణ ఇచ్చే కేంద్రాల్లో చాలాకాలంగా ఉన్నాను. ఉమ్మడి రాష్ట్రంలో ఈజీఎంఎం అనే ఉపాధి మిషన్ నాటి నుంచి ఈ పని చూస్తున్నాను, తర్వాత దీన్‌దయాళ్ పేరుతో వచ్చిన కేంద్ర పథకమూ చూశాను.

శిక్షణ పనికిరాదని అనను. కొలంబియాలో పేద యువతకు మూడు నెలలు తరగతి గది, మూడు నెలలు నిజమైన సంస్థలో పని నేర్పే పథకం పెట్టారు. లాటరీ పద్ధతిలో అవకాశం దక్కినవారినీ దక్కనివారినీ పోల్చి అతనాసియో, కుగ్లర్, మెఘిర్ 2011లో ప్రచురించారు. అమ్మాయిల సంపాదన దాదాపు 20 శాతం పెరిగింది. అబ్బాయిలకు అంత ప్రయోజనం కనబడలేదు. రెండో మూడు నెలలే కీలకమని నా అభిప్రాయం. యజమాని పిల్ల పని కళ్ళతో చూస్తాడు.

మా దగ్గర జరిగేది చెబుతాను. పాలకొండ వైపు నుంచి వచ్చిన అమ్మాయి కుట్టు మిషను నేర్చుకుంటుంది. కాలర్ తిప్పడం, జేబు అతకడం ఒక్క నెలలో వచ్చేస్తుంది, చేతులు అంత చురుకు. తిరుప్పూరులో ఉద్యోగం. జీతం ఎంతో చెబుతాం. అందులో వసతికీ తిండికీ ఎంత కోస్తారో, గంటకు ఎన్ని ముక్కలు కుట్టాలో, ఆదివారం బయటికి వదులుతారో లేదో సరిగ్గా చెప్పం. మూడు నెలలు జీతం చీటీలు చూపిస్తే శిక్షణ కేంద్రం లెక్కలో ఆమె "స్థిరపడింది". నాలుగో నెలలో ఇంటికి వచ్చేస్తే అడిగే గడి ఏ దరఖాస్తులోనూ లేదు. బీహార్, ఝార్ఖండ్‌లలో క్లెమాన్ ఆంబేర్, ఇతరులు ఈ దీన్‌దయాళ్ పథకం మీదే చేసిన ప్రయోగంలో, ఉద్యోగం మంచిచెడ్డలు ముందే నిజాయితీగా చెబితే చేరినవాళ్ళు ఎక్కువకాలం నిలిచారని తేలింది. ఖర్చులేని పని అది. ఎందుకు చేయమో నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

కాబట్టి మీ ప్రశ్నకు జవాబు: కోర్సు పేరు తర్వాత అడగండి. కిందటి ఏడాది అక్కడ చదివిన అమ్మాయిలు ఎక్కడున్నారో ముందు అడగండి. ఇద్దరి ఫోన్ నంబర్లు తీసుకుని మీ అమ్మాయినే మాట్లాడమనండి. నంబర్లు ఇవ్వడానికి తటపటాయించే కేంద్రంలో చేర్చవద్దు.

వేకువబస్సు

ఈ చర్చలో వయసులో నేనే చిన్నదాన్నేమో. తిరుపతి జిల్లాలో ఫోన్లు బిగించే కర్మాగారంలో పనిచేశాను. ఇంటర్ తర్వాత చేరాను. మా వరుసలో అందరం అమ్మాయిలమే. చిన్న చిన్న స్క్రూలు, టోపీ, చేతికి కట్టే తీగ, గంటకు ఇన్ని అని తెర మీద అంకె. పై అధికారులు ఎక్కువమంది మగవాళ్ళు. వరుసలో బాగా చేసేవాళ్ళను పర్యవేక్షణకు తీసుకునేటప్పుడు రాత్రి షిఫ్టూ, యంత్రం మరమ్మతూ తెలిసినవాళ్ళు కావాలన్నారు. యంత్రాల పని ఐటీఐ చదివిన అబ్బాయిలకే నేర్పారు. మాకు నేర్పమని అడిగితే "మీరు పెళ్ళయి వెళ్ళిపోతారు కదమ్మా" అన్నారు. నేర్పరు కాబట్టి పైకి వెళ్ళం, పైకి వెళ్ళం కాబట్టి ఇంట్లోవాళ్ళు ఆ ఉద్యోగం కోసం పెళ్ళి ఆపరు.

నాకు సంబంధం కుదిరిందని ఇంటికి పిలిచారు. ఇప్పుడు మా పట్టణంలో బట్టల దుకాణంలో బిల్లింగ్ దగ్గర ఉన్నాను. జీతం అక్కడికంటే తక్కువ.

కృష్ణాతీరం

వేకువబస్సు అమ్మా, నువ్వు రాసిన ఒక్క వాక్యం నా పాఠంలో పెట్టుకుంటాను, నీకు అభ్యంతరం లేకపోతే: "నేర్పరు కాబట్టి పైకి వెళ్ళం."

ఈ ముడి విప్పవచ్చని చూపిన ప్రయోగం ఒకటుంది. రాబర్ట్ జెన్సెన్ 2012లో ప్రచురించారు. ఢిల్లీ చుట్టుపక్కల రాష్ట్రాల పల్లెల్లో కొన్నింటిని లాటరీ పద్ధతిలో ఎంచుకుని, అక్కడికి మూడేళ్ళపాటు కాల్‌సెంటర్ తరహా ఉద్యోగాలకు మనుషులను వెతికేవారిని పంపారు. ఫలానా పని ఉంది, ఫలానా చదువు కావాలి, ఆడపిల్లలను తీసుకుంటారు అని ఊళ్ళో చెప్పారు. అంతే. ఆ ఊళ్ళలో యువతులు ఆ వ్యవధిలో పెళ్ళిళ్ళూ పిల్లలూ వాయిదా వేసి, ఉద్యోగాలకో మరింత చదువుకో వెళ్ళారు. ఇంకా చిన్న పిల్లల చదువు మీద కూడా ఇళ్ళలో శ్రద్ధ పెరిగింది. ఉద్యోగం ఉందని కళ్ళెదుట కనిపిస్తే తల్లిదండ్రుల లెక్క మారుతుంది. నువ్వన్న మాట దీనికి తిరగేసిన రూపం.

నువ్వు మళ్ళీ చదవాలనుకుంటే దూరవిద్యలో డిగ్రీకి దరఖాస్తు వివరాలు నేను పంపుతాను.

తూకంరాయి

అందరి మాటలూ శ్రద్ధగా చదివాను. యజమానుల వైపు నుంచి ఒక కష్టం ఎవరూ చెప్పలేదు కాబట్టి చెబుతున్నాను. 2017లో ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 వారాలకు పెంచారు. ఆ జీతమంతా సంస్థే భరించాలి. మా వంటి మధ్యరకం సంస్థలో జట్టు ఎనిమిది మంది. పెళ్ళయిన కొత్తలో ఉన్న అమ్మాయిని తీసుకునేటప్పుడు పైవాళ్ళు నోటితో అనకపోయినా వేళ్ళ మీద లెక్కవేస్తారు. మంచి చట్టమే ఆమెకు అడ్డమవుతోంది. దీనికి మార్గం చెప్పండి.

అంకెలగూడు

ఇది గట్టి ప్రశ్న. ఈఎస్ఐ అనే ఉద్యోగుల బీమా నిధి పరిధిలో, అంటే నెలకు 21,000 రూపాయల లోపు వేతనం ఉన్నవారికి, ప్రసూతి భత్యం ఆ నిధి నుంచి వస్తుంది. ఆ నిధికి ఆడవారి తరఫునా మగవారి తరఫునా చందా పడుతుంది కాబట్టి ఆమెను తీసుకున్న సంస్థ ఒక్కటే మోయదు. పైస్థాయి జీతాలకే మీరు చెప్పిన చిక్కు. భారం ఉమ్మడి నిధికి మారాలి, తండ్రికి కూడా సెలవు ఉండాలి. అప్పుడు వేళ్ళ మీద లెక్కవేసేవాళ్ళు ఇద్దరికీ వేయాలి.

అయితే సెలవు ఒక్కటే సరిపోతుందని అనుకోవద్దు. డెన్మార్క్‌లో సెలవులూ శిశు సంరక్షణ కేంద్రాలూ మన ఊహకు అందనంత బాగుంటాయి. అక్కడ కూడా మొదటి బిడ్డ పుట్టాక తల్లి సంపాదన దీర్ఘకాలంలో సుమారు 20 శాతం వెనకబడుతుందనీ, తండ్రిది చెక్కుచెదరదనీ క్లెవెన్, ఆయన సహచరులు 2019లో చూపారు. మన దగ్గర 2024 సమయ వినియోగ సర్వేలో ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకు సగటున 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారు. ఆ 88 కూడా ఇంటిపని చేసే మగవాళ్ళ సగటే. అసలు చెయ్యనివాళ్ళు అందులో లేరు.

మందులచీటీ

తూకంరాయి గారూ, చట్టం మారేలోపు మీ చేతిలో ఉన్నది ఒకటి అడుగుతాను. ఆ రాత్రి పదకొండు గంటల కాల్ రోజూ ఒకే మనిషి ఎందుకు తీసుకోవాలి? ఎనిమిది మంది ఉన్నారన్నారు. వంతులు వేసి, ముందు వారమే పట్టిక ఇచ్చి, కాల్‌లో ఏమి తేలిందో నాలుగు వాక్యాలు రాసి ఉంచితే, చంటిబిడ్డ తల్లి కూడా తన వంతు రోజున ఎవరినో ఇంట్లో ఉంచుకుని కూర్చోగలదు. ఎప్పుడు వస్తుందో తెలియని పిలుపే మమ్మల్ని ఇంటికి పంపేది.

తూకంరాయి

వంతుల పట్టిక ఈ త్రైమాసికంలో పెట్టి చూస్తాను. అమెరికా వైపు వాళ్ళు రోజూ ఒకే గొంతు వినాలంటారు, వాళ్ళను ఒప్పించాలి. పెంపు ఇచ్చేటప్పుడు ఈ కాల్స్‌కు ఎంత విలువ కడుతున్నామో కూడా పైవాళ్ళ దగ్గర లేవనెత్తుతాను. ఏమి జరిగిందో ఇక్కడ రాస్తాను.

కృష్ణాతీరం

చాలా సంతోషమండీ. నేనొక పని చేయదలచాను. మా కళాశాల పాత విద్యార్థులకు, అమ్మాయిలకూ అబ్బాయిలకూ, ఒక ప్రశ్నపత్రం పంపుతాను. చేరినప్పటి జీతం, ఇప్పటి జీతం, మధ్యలో విరామాలు, వారానికి గంటలు, పిల్లలు పుట్టిన ఏడాది. ఇంకేమి అడగాలో చెప్పండి.

అంకెలగూడు

ఉద్యోగం వదిలేసినవారికి తప్పకుండా చేరాలి. జవాబులిచ్చేవాళ్ళంతా ఉద్యోగంలో ఉన్నవాళ్ళే అయితే మీ లెక్క తప్పుదారి పడుతుంది. ఫోన్ చేసి అడగడం మేలు.

మానేరు

డబ్బు వచ్చే పని ఏదైనా ఇంటి నుంచి చేస్తున్నారా అని విడిగా అడగండి. ట్యూషన్లు, చీరల అమ్మకం, పచ్చళ్ళు. "ఏమీ చెయ్యడం లేదు" అని చెప్పేవాళ్ళలో సగం మంది ఏదో ఒకటి చేస్తూనే ఉంటారు.

ఉత్తరాంధ్ర శిక్షకుడు

ఉద్యోగంలో చేరాక సంస్థ ఖర్చుతో కొత్త పని ఏదైనా నేర్పిందా, నేర్పితే ఎన్నో ఏట?

వేకువబస్సు

మేడమ్, నా వాక్యం పెట్టుకోండి, దరఖాస్తు వివరాలు కూడా పంపండి. నాదొక ప్రశ్న. ఉద్యోగం మానేయాలన్న మాట మొదట ఎవరు అన్నారు అని అడగండి. అత్తగారా, భర్తా, అమ్మా, యజమానా, తనేనా. ఒకటి కంటే ఎక్కువ గుర్తు పెట్టే వీలు ఉంచండి.

కృష్ణాతీరం

చేర్చానమ్మా. ఆరో ప్రశ్నగా పెట్టాను. పత్రం ఆదివారం ఇక్కడే ఉంచుతాను, అందరూ ఒకసారి చూసి దిద్దండి.